అమ్మ నడిచి వెళ్ళిన వైపు

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు టీవీలో మనుషులు అడ్డంగా సాగిపోయి కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గోడంత టీవీ కొన్నాం కాబట్టి గోడంత బొమ్మ రావాలని పట్టుబట్టి, పుల్లలా ఉన్న మనిషిని కూడా బియ్యం బస్తాలా చేసి చూస్తారు. నేను అడక్కుండానే రిమోట్ తీసుకుని బొమ్మని దాని అసలు కొలతకి తెచ్చేస్తాను. అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చేసరికి ఇంటివాళ్ళ ముఖాలు మాడిపోతాయి. పొన్నూరులో ఉంటున్న మా అక్క అయితే, అంత పోసి కొన్న టీవీని సగం ఖాళీగా వదిలేస్తామా అని నన్ను కడిగేసింది. అయినా నేను రిమోట్ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేను బాపట్లలో బడి పంతులమ్మని. కరోనాకి బళ్ళు మూసేసిన రోజుల్లో పాఠాలు వీడియోలు తీసి పిల్లలకి పంపమన్నారు. మిగతా టీచర్లందరూ ఫోన్ ఎదురుగా పెట్టుకుని చెప్పేసి, హాయిగా అన్నం తిని పడుకున్నారు. నాకు ఏ పనీ సగంలో వదలడం చేతకాదు. ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ నేర్చుకుంటానని కూర్చుని, ఇంట్లో అందరి ప్రాణాలూ తీసి, మొత్తానికి నేర్చుకున్నాను. అందులో నన్ను ఎక్కువ విసిగించిందీ, ఎక్కువ నచ్చిందీ బొమ్మ కొలత దగ్గరి పనే. ఫిట్ అని ఒకటుంటుంది. అది నొక్కితే తీసిన బొమ్మ మొత్తం కనిపిస్తుంది, కానీ తెర నిండదు. ఫిల్ అని ఇంకొకటి. అది నొక్కితే తెర నిండుతుంది, కానీ బొమ్మలో పైనా కిందా కొంత తెగిపోతుంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఈ సాఫ్ట్‌వేర్ దగ్గర కుదరదు. నలభై దాటాక నేర్చుకున్న చదువు కదా, దాని మీద మమకారం కాస్త ఎక్కువే.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నారు. ఆయనా బడి పంతులే. రేపల్లె చుట్టుపక్కల బళ్ళలో పనిచేసి రిటైరయ్యారు. మాది లూథరన్ కుటుంబం. అమ్మ పోయి ఏడాది కావస్తుంటే, జ్ఞాపకార్థ కూడిక బాపట్లలో మా ఇంటి ముందే షామియానా వేసి పెట్టుకుందాం అనుకున్నాం. ఈ మధ్య ఏ కూడికలో చూసినా పాస్టరు గారు వాక్యం చెప్పే ముందు తెర కట్టి, పోయినవాళ్ళ ఫోటోలూ వీడియోలూ వేస్తున్నారు. మా ఇంట్లో ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. ఏమేం పెట్టాలో అక్క ఫోన్లో చాలాసేపు చెప్పింది. నాన్న మాత్రం ఒక్కటే అడిగారు.

"మీ అమ్మ నడిచేది ఎక్కడైనా ఉందేమో చూడమ్మా."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మా చేతుల్లోకి మంచి ఫోన్లు వచ్చేసరికే అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఫోన్లలో అమ్మ వీడియోలు లేకపోలేదు. మనవళ్ళని చూసి ఒక పక్కకి నవ్వడం, దిండ్లకి ఆనుకుని జావ తాగడం, అన్నీ మంచం మీదవే. వాటిని చూడమంటే నాన్న తల పక్కకి తిప్పుకునేవారు. ఆ మంచం పక్కన కుర్చీలో ఆయన ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఇంకా తెర మీద కూడా అదే చూడమంటే ఎలా చూస్తారు. ఆయనకి కావలసింది ఇల్లంతా తిరిగే అమ్మ. అలాంటి అమ్మ ఉండే అవకాశం ఒక్కచోటే ఉంది, అక్క పెళ్ళి క్యాసెట్‌లో.

అక్క పెళ్ళి రేపల్లెలో జరిగింది. చర్చిలో పెళ్ళి, చర్చి ఆవరణలోనే భోజనాలు. వీడియో తీసేవాళ్ళు తెనాలి నుంచి పొద్దున ప్యాసింజర్‌లో, వేమూరు, భట్టిప్రోలు మీదుగా పెట్టెలు మోసుకుంటూ దిగారు. ఒకాయన భుజం మీద కెమెరా, ఇంకొకాయన చేతిలో కర్రకి కట్టిన పెద్ద లైటు, దాని వెనక పాములా వైరు. ఆ లైటు ఎటు తిరిగితే అటు పెళ్ళి జరిగేది. పాటలు పాడే కోయిర్ వాళ్ళు కీర్తన పుస్తకంలోంచి తలెత్తి లైటుకేసి చూస్తూ పాడారు. పాస్టరు గారు ప్రమాణాలు చేయిస్తూ ఆ వేడికి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు. బంతి భోజనాల దగ్గరికి లైటు వచ్చిందంటే తినే చేతులన్నీ విస్తళ్ళలో ఆగిపోయేవి. అది దాటి వెళ్ళాక గానీ నోట్లో ముద్ద కదిలేది కాదు. నాకు అప్పుడు కాలేజీ వయసు. కొత్త ఓణీ కట్టుకుని లైటు ఎక్కడుంటే అక్కడ తిరిగాను. క్యాసెట్ నిండా నేనే ఉంటాను, సిగ్గు లేకుండా.

కొన్నాళ్ళకి మిక్సింగ్ కోసం నాన్న, అక్క, నేను తెనాలి వెళ్ళాం. తీసిన ముక్కలన్నీ అతికించి, పాటలూ పువ్వులూ కలిపి క్యాసెట్ తయారు చేయడాన్ని మిక్సింగ్ అనేవాళ్ళు. మేడ మీద చీకటి గది, చెప్పులు బయటే విడవాలి, లోపల ఏసీ. మా రేపల్లె ఇంట్లో ఫ్యాను కూడా ఆలోచించి వేసే రోజుల్లో ఆ చల్లదనానికే మాకు పెద్ద షాపింగ్‌కి వచ్చినట్టు అనిపించింది. అక్కా బావా గులాబీ పువ్వులోంచి విచ్చుకుని రావాలా, యాపిల్ పండులోంచి రావాలా అని అడిగారు. అక్క రెండూ కావాలంది. సినిమా పాటలు వద్దు, కీర్తనలే వెయ్యండి అని నాన్న పట్టుబట్టి, సంచిలోంచి కోయిర్ క్యాసెట్ తీసి ఇచ్చారు. కీర్తనలు వేసి పెళ్ళిలో రికార్డయిన మాటలన్నీ తీసేశారు. అప్పుడు మాకు అది నష్టమని తోచలేదు. బయటికొచ్చి నాన్న మాకు పుల్ల ఐసు కొనిపెట్టారు. తిరుగు రైల్లో అక్క కిటికీలోంచి చూస్తూ తన పెళ్ళి అప్పుడే పాతబడిపోయిందని ముఖం ముడుచుకుంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ సాయంత్రం మళ్ళీ ఒక్కసారి దొరికితే ఏమైనా ఇస్తాను.

క్యాసెట్ వచ్చాక డెక్కూ టీవీ అద్దెకి తెచ్చి వరండాలో పెట్టాం. మా వీధి వీధంతా చాపలు తెచ్చుకుని కూర్చుంది. అప్పుడే మొదలైంది మా ఇంటి వేళాకోళం. అమ్మ బొమ్మలోకి వస్తుంది, అంతలోనే పక్కకి వెళ్ళిపోతుంది. చర్చి మెట్ల దగ్గర అంతే, కేకు దగ్గర అంతే. ఒకచోట అక్క పక్కనే నిలబడి చీర సర్దుతూ సర్దుతూ మాయమైపోయింది. "అదిగో, పారిపోయింది" అని ఎవరో అన్నారు, అందరూ గొల్లున నవ్వారు. పెళ్ళికూతురి తల్లికి కెమెరా అంటే పులి అని పిన్నులూ బాబాయిలూ ఆ తర్వాత ఎన్నేళ్ళు ఏడిపించారో. ప్రతి పెళ్ళిలో ఫోటోల వేళకి "మీ అమ్మని పట్టుకోండ్రా" అనేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేసి ఊరుకునేది. ఒక్కసారీ కాదనలేదు.

ఆ క్యాసెట్‌ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించమని మొన్న మళ్ళీ తెనాలి వెళ్ళాను. అలా ఎక్కించే షాపు కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఇంటికి తెచ్చి చూస్తే ఏముంది, అందరూ అడ్డంగా సాగిపోయి ఉన్నారు. ఫోన్ చేసి దులిపేశాను. "అందరూ తెర నిండా కావాలనే అడుగుతారండి" అన్నాడాయన పాపం, మర్యాదగానే. సరే, నాకు వచ్చిన విద్యే కదా అని దాన్ని నొక్కి మళ్ళీ చదరపు బొమ్మ చేశాను. అక్క సన్నబడింది, బావకి మెడ వచ్చింది. చాలాకాలం తర్వాత మావాళ్ళందరూ మావాళ్ళలా కనిపించేసరికి నా కోపం ఎటో పోయింది.

తర్వాత అమ్మ కోసం వెతకడం మొదలుపెట్టాను. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. చర్చి మెట్ల మీద అమ్మ నడుస్తుంది గానీ, మిక్సింగ్ వాళ్ళ పూలదండ అంచు అమ్మని కింది నుంచి నడుము దాకా కప్పేసింది. కేకు దగ్గర అమ్మ అడుగు వేసే సమయానికి అక్కా బావా యాపిల్ పండులోంచి వచ్చేశారు. అడిగి మరీ పెట్టించుకున్న యాపిల్. దాని కింద అసలు బొమ్మ ఏముందో ఇప్పుడు ఆ దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే ముందు తీసిన క్యాసెట్ మీదే షాపులవాళ్ళు తర్వాతి పెళ్ళి తీసేసేవాళ్ళు. చివరికి భోజనాల దగ్గర దొరికింది. పువ్వుల్లేవు, పళ్ళు లేవు. బంతి చివర, ఎడమ పక్కన అమ్మ నిలబడి ఎవరినో ఇంకాస్త వేయించుకోమని బతిమాలుతోంది. చప్పున తల తిప్పింది. కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, బల్లల ముందుగా, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గబగబా నడిచి కుడి వైపు అంచు దాటి వెళ్ళిపోయింది. ఆ నడక చూసి నేను ల్యాప్‌టాప్ ముందే భోరుమన్నాను. అమ్మ కుడి కాలు కాస్త తిప్పి వేస్తుందన్న సంగతి నేను మర్చిపోయాను.

ముందు దాన్ని తెర నిండా పెట్టాను. అవును, నేనే. కూడికకి అద్దెకి తెచ్చే తెర వెడల్పాటిది, ఖాళీ వదిలితే అక్క ఊరుకోదని ఫిల్ నొక్కి హాల్లో టీవీలో పెట్టి నాన్నని పిలిచాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ముందుకి వంగి చూశారు.

"కాళ్ళు ఏవమ్మా?" అన్నారు.

నిజమే. తెర నిండేసరికి అందరి పాదాలూ తెగిపోయాయి. నడక చూడాలన్న మనిషికి పాదాలు లేకుండా చూపించాను. సిగ్గేసి, మళ్ళీ కూర్చున్నాను. ఈసారి నా తెలివంతా వాడాను. అమ్మ ఒక్కతే కనిపించేలా బొమ్మని పెంచి, అమ్మ కదిలే కొద్దీ ఫ్రేమ్ కూడా అమ్మతో పాటు పక్కకి జరిగేలా చేశాను. అమ్మ అడుగు వేసిన చోటల్లా ఆగి ఫ్రేమ్‌ని కాస్త జరపాలి, మళ్ళీ అడుగు, మళ్ళీ జరపాలి. జరపడంలో కాస్త తేడా వచ్చినా అమ్మ గెంతినట్టు ఉంటుంది. ఆదివారం అంతా దానికే సరిపోయింది, వంట కూడా చెయ్యలేదు. అయ్యాక చూస్తే అద్భుతంగా ఉంది. బొమ్మ కాస్త అలుక్కుపోయింది గానీ, అమ్మ తల నుంచి పాదాల దాకా తెర మధ్యలో ఉంది, నడుస్తూనే ఉంది. వెనక బల్లలూ తినేవాళ్ళూ సాగిపోతున్నారు. జీవితమంతా ఫోటోల్లోంచి పారిపోయిన మనిషిని మొత్తానికి పట్టుకున్నాను అనుకున్నాను. అక్కకి పంపితే, నా పెళ్ళి వీడియోలో నేనే లేకుండా చేశావని తిట్టి, వెంటనే ఏడ్చి, మళ్ళీ మళ్ళీ చూశానంది.

నాన్న కూడా మళ్ళీ వెయ్యమన్నారు. రెండోసారి చూశాక నా కేసి తిరిగారు.

"నడుస్తుంది. కానీ ఎక్కడికీ వెళ్ళట్లేదేంటమ్మా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆదివారం పొద్దుటి నుంచి కళ్ళు పొడుచుకుని చేస్తే ఇదా మాట. కెమెరా కనపడితే పారిపోయే మనిషిని ఇంతసేపు ఆపడమే గొప్ప, ఇంకా ఎక్కడికి వెళ్ళాలి అని విసురుగానే అన్నాను.

"పారిపోలేదమ్మా. నేను పిలిచాను" అన్నారు నాన్న.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. ఆ రోజు భోజనాల దగ్గర, బల్లలకి కుడి వైపున, చేతులు కడుక్కునే చోట ఆయన నిలబడి ఉన్నారు. కళ్ళజోడు కనిపించలేదు. అది లేకపోతే వచ్చే బంధువుల్లో ఎవరు ఎవరో ఆయనకి తెలియదు. ఎవరిని పలకరించకపోతే ఎవరికి కోపం వస్తుందో అని కంగారు పడి అమ్మని పిలిచారు. అమ్మ వచ్చి, ఆయన చొక్కా జేబులోంచే కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, ఆయన చేతికి ఇచ్చిందట. చర్చి మెట్ల దగ్గర గొడుగు కోసం పిలిచారు. కేకు దగ్గర బీరువా తాళాల కోసం. పెళ్ళికూతురి పక్కన నిలబడి చీర సర్దుతున్నప్పుడు ఎందుకు పిలిచారో ఆయనకే గుర్తు లేదు. పిలిచానని మాత్రం తెలుసు అన్నారు.

నేను ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుని ఒక్కొక్క చోటా మళ్ళీ చూశాను. అన్నిచోట్లా అంతే. అమ్మ ముందు తల తిప్పుతుంది, తర్వాత కదులుతుంది. తల తిరిగేది లైటు కేసి కాదు. ఎప్పుడూ బయటికి, బొమ్మలో లేని ఎవరి కేసో. గొంతు వినిపించి ఉంటే మాకు ఆ రోజే తెలిసిపోయేది, కానీ దాని మీద కోయిర్ వాళ్ళు పాడుతున్నారు. ఇన్నేళ్ళూ ఇన్నిసార్లు చూసి, ఒక్కరమూ అమ్మ ఎటు చూస్తోందో చూడలేదు.

నాకు నాన్న మీద పట్టలేని కోపం వచ్చింది. కూతురి పెళ్ళి రోజున కూడా ఆవిణ్ణి ఒక్కచోట నిలబడనివ్వలేదు కదా అనిపించింది. అది పైకి అనలేదు. అందరూ అమ్మని అంతలా ఏడిపిస్తుంటే ఒక్క మాట ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను.

"చెప్తానన్నాను. మీ అమ్మే వద్దంది. పెళ్ళికూతురి తండ్రి జేబులో కళ్ళజోడు పెట్టుకుని ఊరంతా వెతికాడంటే పదిమందీ నవ్వుతారు, నన్ను చూసి నవ్వితే నవ్వనివ్వండి అంది."

ఇంతే చెప్పి ఆయన టీవీ కేసి చూస్తూ కూర్చున్నారు. తెర మీద అమ్మ మధ్యలో ఆగిపోయి ఉంది, ఒక కాలు లేచి. నా కోపం ఎవరి మీద చూపించుకోవాలో తెలియలేదు. అమ్మ బతికి ఉండగా నేను కూడా ఆ వేళాకోళం ఎన్నోసార్లు ఆడాను. అమ్మ నవ్వింది. ఆ నవ్వు వెనక ఇంత గుట్టు ఉందని మాకెవరికీ తట్టలేదు. నా పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మా ఆయన నలుగురిలో నవ్వులపాలు కాకూడదని నేను ఒక్కరోజు కూడా అలా నవ్వలేదు.

"ఆ ఫ్రేమ్ జరపొద్దమ్మా" అన్నారు నాన్న కాసేపటికి. "మీ అమ్మని ఆపకు. అలాగే వెళ్ళనీ. అటు నేనున్నాను కదా."

ఆదివారం చేసిందంతా తీసేశాను. ఒక్క బటన్‌తో పోయింది. క్లిప్‌ని తీసినప్పటి కొలతలోనే, బంతి మొత్తం కనిపించేలా, పాదాలు తెగకుండా, అటూ ఇటూ నలుపు వదిలి పెట్టాను. ఏ పువ్వూ పెట్టలేదు. కోయిర్ పాటని కూడా ఉండనిచ్చాను, ఎందుకంటే అమ్మకి ఆ కీర్తన ఇష్టం.

కూడిక రోజు సాయంత్రం షామియానా కింద తెర కట్టారు. అనుకున్నట్టే అక్క వచ్చీ రాగానే నలుపు చూసి మూతి విరిచింది. అంత తెర తెచ్చి మధ్యలో కిటికీ అంత బొమ్మా అంది. నాన్న చెప్పిందంతా చెప్పాను. అక్క వెళ్ళి, వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. నాన్న కోసం ముందు వరసలో, మధ్యలో, మెత్తటి కుర్చీ వేయించాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా కళ్ళు తెరిచి చూస్తే నాన్న ఆ కుర్చీలో లేరు. తెరకి కుడి పక్కన, గుడ్డ అంచు దగ్గర, నేను ల్యాప్‌టాప్ పెట్టుకున్న బల్లని ఆనుకుని, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. అక్కణ్ణించి చూస్తే బొమ్మ ఏటవాలుగా, గీతలా కనిపిస్తుంది. ఇక్కడ మీకేమీ కనపడదు నాన్నా, మధ్యలోకి రండి అని చెవిలో చెప్పాను.

"చూడటం అయిందిలేమ్మా" అన్నారు.

ఫోటోలు అయ్యాయి. భోజనాల బంతి తెర మీదికి వచ్చింది. చుట్టాలు ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టుకుని, పోయినవాళ్ళని లెక్కపెట్టుకుంటున్నారు. నాన్న తెర కేసి చూడటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా, తెర అంచు కేసి ముఖం పెట్టి కూర్చున్నారు. అమ్మ ఎవరినో బతిమాలుతూ బతిమాలుతూ తల తిప్పింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. కుడి కాలు కాస్త తిప్పి వేస్తూ, బల్లల ముందుగా, మా వైపుకి గబగబా నడిచింది. బొమ్మ అంచు దాటి నలుపులోకి వెళ్ళింది. షామియానా కింద ఎవరో ఎప్పటిలాగే "అదిగో, పారిపోయింది" అన్నారు, కొందరు తడి కళ్ళతో నవ్వారు.

నా పక్కన నాన్న కాస్త జరిగి, కుర్చీలోంచి సగం లేచారు.

"వచ్చావా" అన్నారు.